ఇంజను నెంబరు ఎక్కడుంటుంది? ఒక పాత శాన్ స్టార్మ్ కేసు

నేపథ్యం

విజయనగరంలో నాది చిన్న షెడ్డు. పాత పెట్రోల్ బళ్ల ఇంజన్లు విప్పి కట్టడమే ఎక్కువగా నా పని. ఇరవై రెండేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఈ ఒక్క కేసు రాసి పెట్టాలనుకోవడానికి కారణం ఉంది. ఇంజను పోయిన పాత బండి ఎదురైతే అందరం ముందు "ఏ ఇంజను వేద్దాం?" అనే అడుగుతాం. నేనూ అక్కడే మొదలుపెట్టాను. ఐదు వారాలు, ఓనరు గారి డబ్బు కొంత పోయాక గానీ అడగాల్సిన ప్రశ్న అది కాదని తెలియలేదు.

బండి శాన్ స్టార్మ్. 1990ల చివర్లో గోవాలో తయారైన రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. లోపల స్టీలు ఛాసిస్, పైన ఫైబర్ బాడీ. ముందు చక్రాలు తిప్పే రెనో 1149 సీసీ పెట్రోల్ ఇంజను, 60 హార్స్‌పవర్ దాకా ఇస్తుంది. ఈ అంకె చిన్నదే కానీ బండి బరువు కూడా 800 కిలోలకు కాస్త అటూఇటూ, అంతే. రోడ్డు మీద దాని హుషారంతా ఆ తేలికదనం వల్ల వచ్చిందే.

మన జిల్లాల్లో ఇలాంటి బళ్లు ఎన్నో లేవు. అందుకే రంగు, రిజిస్ట్రేషన్ సంవత్సరం, ఓనరు గారి ఊరు చెప్పడం లేదు. కేసు అర్థం కావడానికి అక్కర్లేని ఒకటి రెండు వివరాలు మార్చాను. కొలతలు మాత్రం నా నోటుబుక్కులో ఉన్నవే.

వచ్చిన సమస్య

ఫిబ్రవరిలో బండి లారీ మీద వచ్చింది. ఓనరు గారు యాభై దాటిన మనిషి. ఉద్యోగం చేసిన కాలంలో ఇష్టపడి కొనుక్కున్నారు. తర్వాత ఆరేళ్లు పాకలో నిలబెట్టి, మళ్లీ నడపాలనిపించి బ్యాటరీ మార్చి తీశారు. భోగాపురం దాటేలోపే ఆవిరి కక్కింది. పక్కన ఆపి, దగ్గర్లోని బోరు నీళ్లు పోయించి మళ్లీ నడిపారు. రెండోసారి ఆగినప్పుడు ఇంజను పట్టేసింది.

"మేస్త్రి గారూ, ఈ బండికి స్పేర్లు ఎక్కడా లేవంటున్నారు. మంచి ఇంజను ఏదో ఒకటి చూసి పెట్టేయండి. సిరిమాను పండగకి మా అబ్బాయొస్తాడు, అప్పటికి రోడ్డెక్కితే చాలు" అన్నారు.

విప్పి చూస్తే ఇదీ పరిస్థితి. రేడియేటర్ గొట్టాల్లో సగానికి పైగా తెల్లటి గార పేరుకుని మూసుకుపోయాయి. ఫ్యాను స్విచ్చి పని చేయడం లేదు. మూడో సిలిండరులో పిస్టన్ గోడకు అంటుకుని, గోరు పెడితే ఆగేంత లోతుగా గీతలు పడ్డాయి. పిస్టన్లు తిప్పే ఇరుసును క్రాంకు అంటాం, దాని మీద మూడో రాడ్ బేరింగు కూర్చునే చోటు కాలి నీలంగా మారింది. సిలిండర్లను పైనుంచి మూసే హెడ్డు మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ దూరిస్తే మధ్యలో పాతిక పాయింట్ల వంపు ఉంది. మా పనిలో పాయింట్ అంటే మిల్లీమీటరులో నూరో వంతు. అల్యూమినియం హెడ్డుకు అంత వంపు వస్తే అది బాగా ఉడికిపోయినట్టే లెక్క.

సిలిండర్లుండే అసలు దిమ్మ, అంటే బ్లాకు, మాత్రం పోత ఇనుముది. దాన్ని పక్కన పెట్టి, మనసులో స్క్రాప్ కింద రాసేశాను. ఈ కేసులో నేను చేసిన మొదటి తప్పు అదే.

మొదట అనుకున్న ఇంజను

నా దృష్టి వెంటనే మారుతి ఎస్టీమ్ ఇంజను మీదకు వెళ్లింది. 1298 సీసీ, పదహారు వాల్వులు, 85 హార్స్‌పవర్. బ్లాకు కూడా అల్యూమినియమే కాబట్టి బండి ముక్కు బరువెక్కదు. తేలిక బండిలో ఇది ముఖ్యం. ముందు చక్రాల మీద పాతిక కిలోలు పెరిగినా స్టీరింగు మొద్దుబారుతుంది, ముందు స్ప్రింగులు కుంగుతాయి, బ్రేకు వేసినప్పుడు వెనక తేలిపోతుంది. అప్పట్లో వేరే కంపెనీల 1.6 లీటరు ఇనుప బ్లాకు ఇంజన్లు స్క్రాపులో చవగ్గా దొరుకుతున్నా వాటి జోలికి పోకపోవడానికి కారణం ఇదే.

ఆల్టో కే10లో వచ్చిన మూడు సిలిండర్ల 998 సీసీ ఇంజను గురించి కూడా ఆలోచించాను. తేలిక, 68 హార్స్‌పవర్, టైమింగ్ బెల్టు బదులు చైను. పవర్ విషయంలో ఈ ఛాసిస్‌కు అదే దగ్గరి జోడీ. కానీ కొత్త తరం ఇంజను ఒంటరిగా రాదు. ఈసీయూ (ఇంజనును నడిపించే కంప్యూటరు), తాళంలోని చిప్పు, ఆ చిప్పును గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్, వైరింగు అంతా ఒకే బండి నుంచి రావాలి. ఒక్కటి తప్పినా స్టార్ట్ కాదు. స్క్రాపులో ఇంజనుతోపాటు తాళం దొరకడం అరుదు. దాన్ని పక్కన పెట్టాను.

ఎస్టీమ్ ఇంజనూ గేర్ బాక్సూ కలిపి 38,000 రూపాయలకు తెచ్చాం. ఖాళీ బ్లాకును చైన్ పుల్లీకి వేలాడదీసి లోపల పెట్టి చూశాం. బానెట్టు కింద చోటు సరిపోయింది. మౌంటింగులు కొత్తగా చేయాలి, అది పెద్ద పని కాదు. చిక్కు గేర్ బాక్స్ దగ్గర వచ్చింది. రెనో గేర్ బాక్స్ బోల్టుల వరస ఈ ఇంజనుకు కలవదు. అడాప్టర్ ప్లేటు చేయించి కలుపుదామంటే ఇంజను క్రాంకు నడిబిందువు, గేర్ బాక్స్ షాఫ్టు నడిబిందువు ఒకే గీతలో ఉండాలి. కొన్ని పాయింట్ల తేడా వచ్చినా క్లచ్ ప్లేటు, షాఫ్టు ముందు బేరింగు కొన్నాళ్లకే పోతాయి. అందుకని ఎస్టీమ్ గేర్ బాక్సే వాడి, గేర్ బాక్స్ నుంచి చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టులు సగం ఎస్టీమ్‌వి, సగం స్టార్మ్‌వి కలపాలని నిర్ణయించాను.

షాఫ్టులు కోసి, లోపల స్లీవ్ పెట్టి వెల్డింగ్ చేయించాం. వచ్చాక లేత్ మీద రెండు కొసలా పట్టించి డయల్ గేజ్ పెడితే, ఒకదాని నడుము 1.2 మిల్లీమీటర్లు తిరుగుడు చూపించింది. మళ్లీ సరిచేయిస్తే అర మిల్లీమీటరుకు వచ్చింది. నా అసలు భయం వంకర గురించి కాదు. డ్రైవ్ షాఫ్టు గట్టిదనం దానికి పట్టించిన వేడి చికిత్సలో ఉంటుంది. వెల్డింగ్ వేడికి జాయింటు పక్కన ఆ గట్టిదనం పోయిందో, పెళుసుదనం వచ్చిందో పైకి కనిపించదు. హైవే మీద ఎనభైలో అది తెగితే, కొస కొట్టుకునేది పల్చటి ఫైబర్ బాడీని. దాని పక్కనే సీట్లో మనిషి ఉంటాడు. ఆ రాత్రే పని ఆపేశాను.

కాగితం దగ్గర ఆగిన బండి

మరుసటి వారం షాఫ్టులు కొత్తగా చేయించే మార్గం వెతుకుతున్నప్పుడు, నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు పాత బ్లాకు మట్టి తుడుస్తూ అడిగాడు: "అన్నా, ఆర్సీలో ఇంజన్ నెంబరుంది కదా. అది ఇంజన్‌లో ఎక్కడుంటాది?"

"బ్లాకు మీద" అన్నాను. అన్నాక కాసేపు నా చేతిలో స్పానర్ కదల్లేదు.

రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారిని కలిశాను. ఆయన ఓపిగ్గా చెప్పారు: "అదే కంపెనీ, అదే రకం ఇంజనైతే ముందు అర్జీ పెట్టండి, ఇంజను కొన్న బిల్లు చూపించండి. బండి చూసి కొత్త నెంబరు రాయడానికి దారి ఉంది. వేరే కంపెనీ ఇంజనైతే నేను సంతకం పెట్టలేనండి."

తర్వాత చట్టం చదివించుకున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. వేరే ఇంధనంతో నడిచేలా చేసే మార్పులకు మినహాయింపు ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీ వివరాలు దాటి మార్పులు కుదరవని చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద, ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

పైగా ఈ బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు దాటింది. ఇక ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ప్రతిసారీ ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు చూస్తారు. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు చూసేదీ ఆ నెంబర్లే. నేను ఎంత బాగా బిగించినా, ఎస్టీమ్ ఇంజనుతో ఈ బండి ఓనరు గారి పేరున ప్రశాంతంగా రోడ్డు మీద తిరగలేదు.

ఇది ఓనరు గారికి చెప్పడం కష్టమైంది. 38,000 అప్పటికే ఖర్చయింది. ఆయన కోప్పడలేదు. "అయితే మరి దారేటండి?" అన్నారు. షాఫ్టుల కూలి నేనే భరించాను. నాలుగు నెలల తర్వాత ఎస్టీమ్ ఇంజను మరో ఎస్టీమ్ ఓనరుకే బిల్లుతో సహా వెళ్లింది. ఆరు వేలు నష్టం వచ్చింది.

పేరు మార్చి వెతకడం

"స్పేర్లు లేవు" అన్న మాటను నేను పరీక్షించకుండానే నమ్మాను. స్టార్మ్ పేరుతో వెతికితే నిజంగానే ఏమీ దొరకదు. కానీ ఈ ఇంజను స్టార్మ్ కోసం పుట్టింది కాదు. దీని పేరు డీ7ఎఫ్. యూరప్‌లో రెనో ట్వింగో, క్లియో కార్లలో ఏళ్ల తరబడి వాడిన ఇంజను ఇదే. బండి పేరు వదిలేసి ఆ కోడ్‌తో వెతికితే, మెయిన్ బేరింగులు, రాడ్ బేరింగులు, రింగులు, హెడ్ గాస్కెట్, హెడ్ బోల్టులు, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు అన్నీ కొత్తవే కనిపించాయి. కస్టమ్స్ కట్టి తెప్పించుకోవచ్చు. వాడిన ఇంజను మొత్తంగా దిగుమతి చేయాలంటే లైసెన్సు కావాలి కాబట్టి అది మాకు కుదిరే దారి కాదు.

ఈ మధ్యలో పక్క రాష్ట్రంలో యాక్సిడెంట్‌లో పోయిన స్టార్మ్ ఒకటి ఉందని తెలిసింది. దాని ఇంజను 55,000కు వచ్చింది. విప్పితే క్రాంకు, రాడ్లు, పిస్టన్లు, హెడ్డు అన్నీ బాగున్నాయి. బ్లాకు కూడా బాగుంది.

ఇక్కడ చాలామంది ఆ ఇంజను అలాగే ఎత్తి బండిలో పెట్టేస్తారు. నేనూ ఒక పూట అలాగే అనుకున్నాను. అడ్డొచ్చింది మళ్లీ నెంబరే. ఆ యాక్సిడెంట్ బండి ఆర్సీ రద్దు కాలేదు. అంటే ఆ ఇంజను నెంబరు రికార్డుల్లో ఇంకా వేరే ఛాసిస్ మీద బతికే ఉంది. అమ్మినాయన రద్దు చేయిస్తానన్నారు కానీ ఎప్పటికవుతుందో తెలియదు. అది తేలేదాకా మా అర్జీ కదలదు.

మరి నెంబరున్న బ్లాకు మనదే ఉంచి, లోపలి సామాన్లు దాతవి, అంటే ఆ యాక్సిడెంట్ బండి ఇంజనువి, వేస్తే? ఆర్సీలో ఒక్క అక్షరం మారదు. అదే కంపెనీ, అదే ఇంజను, అదే నెంబరు. స్క్రాప్ అనుకున్న బ్లాకును మళ్లీ బల్ల మీదకు తెచ్చాను.

బ్లాకును బతికించడం

ముందు పగుళ్లు చూడాలి. నీటి దారులు మూసి, గాలి ఒత్తిడి పెట్టి, నీళ్లలో ముంచి అరగంట చూశాం. బుడగ రాలేదు. తర్వాత బోర్ గేజ్‌తో నాలుగు సిలిండర్లూ పై, మధ్య, కింద, రెండు దిక్కులా కొలిచాను. స్టాండర్డ్ బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 69 మిల్లీమీటర్లు. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లలో అరుగుదల రెండు మూడు పాయింట్లకు మించలేదు. మూడోది మాత్రం గీతలతో నాశనమైంది.

ఈ దశలో ఒకరు సలహా ఇచ్చారు: మారుతి 800 బోరు 68.5, దాని అర మిల్లీమీటరు ఓవర్‌సైజ్ పిస్టన్ సరిగ్గా 69 అవుతుంది కదా, అది వేసేయమని. వినగానే ఆశ పుట్టింది. కానీ వ్యాసం ఒక్కటీ కలిస్తే పిస్టన్ కలిసినట్టు కాదు. పిన్ను నుంచి తల దాకా ఎత్తు, పిన్ను మందం, బరువు కూడా కలవాలి. పక్కపక్కన పెట్టి వెర్నియర్‌తో కొలిచాక ఆ మాట వదిలేశాను.

మిగిలింది స్లీవ్. పాడైన సిలిండరును పెద్దగా కోసి, అందులో ఇనుప గొట్టం బిగుతుగా దించి, దాన్ని మళ్లీ 69కి కోయడం. గాజువాక ఆటోనగర్‌లో ఈ పనికి చేయి తిరిగిన లేత్ మేస్త్రి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన నాలుగూ వేద్దామన్నారు. "ఒకటేసి మూడొదిలేస్తే ఏటి బాగుంటాది గురూ? నాలుగూ ఒక్కలా ఉంటాయి."

ఆ మాటలోనూ న్యాయం ఉంది. అయినా నేను ఒప్పుకోలేదు. చిన్న బ్లాకులో సిలిండర్ల మధ్య గోడ పలచన. నాలుగూ కోస్తే ఆ గోడలన్నీ ఇంకా పలచనవుతాయి. ఇది ఒకసారి ఉడికిన ఇంజను. గోడ ఎంత మిగిలితే అంత మంచిది. మూడు బోర్లు కొలతలో నిలిచినప్పుడు వాటిని ముట్టుకోవడానికి నాకు కారణం కనిపించలేదు. నా నోటుబుక్కు చూశాక ఆయనే "సరే, మూడోది ఒక్కటే" అన్నారు. ఐదు పాయింట్ల బిగువుతో స్లీవ్ దించారు. మిగతా మూడూ హానింగ్ మాత్రమే, అంటే లోపలి గోడను రాళ్లతో సన్నగా రుద్దడం.

బిగింపులో రెండు విషయాలు పట్టుబట్టి చేశాను. మెయిన్ బేరింగు టోపీలు బ్లాకుతోపాటు కలిపి కోసినవి కాబట్టి వాటిని దాతవి వేయకూడదు, మన బ్లాకువే ఉండాలి, అవీ వాటి వాటి స్థానాల్లోనే. అదే రాడ్లూ పిస్టన్లయితే నాలుగూ ఒకే ఇంజను నుంచి రావాలి. గంటస్తంభం దగ్గర తెలిసిన బంగారం కొట్టుకు తీసుకెళ్లి నాలుగు పిస్టన్లూ వాళ్ల కాటా మీద తూచాం. అన్నిటికన్నా బరువైనదానికీ తేలికైనదానికీ తేడా రెండు గ్రాములు. నాకు అది చాలు.

హెడ్డు విషయంలో మా పాతదాన్ని ఫేసింగ్ చేయించే ఆలోచనే పెట్టుకోలేదు. పాతిక పాయింట్లు వంగిన హెడ్డు పైన చదునయినా, క్యామ్ షాఫ్టు తిరిగే గీత వంకరగానే మిగులుతుంది. దాత హెడ్డు స్ట్రెయిట్‌గా ఉంది, వాల్వులు రుద్ది అదే వేశాం. రేడియేటర్‌కు కొత్త కోర్, కొత్త ఫ్యాను స్విచ్చి, రిలే పెట్టాం. ఇంజనును చంపింది ఇవే కాబట్టి, వీటిలో పాతది ఏదీ ఉంచలేదు.

ఘాట్ రోడ్డు మీద

సిరిమానుకు అందలేదు. దిగుమతి పార్సిల్ ఆలస్యమైంది. పండగ వెళ్లిన పదో రోజు ఇంజను మొదటిసారి మోగింది. ఆ శబ్దం విని ఓనరు గారు షెడ్డు గుమ్మంలోనే నిలబడిపోయారు.

ఊళ్లో నలభై కిలోమీటర్లు తిప్పాక ముల్లు పైకెక్కడం మొదలైంది. నా గుండె జారింది. హెడ్ గాస్కెట్ పోయిందేమోనని మొదటి అనుమానం. కానీ వెంటనే విప్పేయలేదు. నూనెలో నీళ్లు లేవు, సైలెన్సర్లో తెల్ల పొగ లేదు, కంప్రెషన్ నాలుగింటిలోనూ సమానం. గాస్కెట్ పోతే చాలాసార్లు ఈ మూడింట్లో ఒకటైనా తేడాగా కనబడుతుంది. అప్పుడు బండిని పక్క నుంచి చూశాను. ముక్కు కిందకు వాలిన బండి కదా, రేడియేటర్ మూత కంటే హెడ్డు ఎత్తులో ఉంది. నీళ్లు నింపినప్పుడు గాలి పోవడానికి దారి లేక హెడ్డులోనే చిక్కుకుంది. ముందు చక్రాలు రెండడుగులు జాకీ మీద లేపి, హీటర్ పైపు వదులు చేసి, మళ్లీ కూలెంట్ నింపాం. చాలాసేపు గుటకలు వేస్తూ గాలి వచ్చింది.

ఆ ఆదివారం తెల్లవారుజామున ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కించాను. ఓనరు గారు పక్కన కూర్చున్నారు. రెండో గేరు, మూడో గేరు మధ్యే ఎక్కువసేపు. ముల్లు సగం దగ్గరే నిలబడింది. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగింది. పైన ఆపినప్పుడు ఆయన బానెట్టు మీద చెయ్యి పెట్టి, "ఎనభై ఐదు హార్స్‌పవర్ లేకపోయినా పర్లేదండి, ఇది నా బండిలాగే ఉంది" అన్నారు. దిగేటప్పుడు స్టీరింగు ఆయనకిచ్చాను.

నా పనిలో మార్చుకున్నవి

ఇప్పుడు ఇంజను పోయిన బండి ఏది వచ్చినా, విప్పకముందే ఆర్సీ అడుగుతున్నాను. బ్లాకు మీద నెంబరు తుడిచి, ఆర్సీతో పోల్చి ఫోటో తీస్తున్నాను. ఇంజను కోడ్‌తో స్పేర్లు వెతికాకే "దొరకవు" అంటున్నాను. బ్లాకు, హెడ్డు, క్రాంకు మూడింటినీ విడివిడిగా కొలిచి రాస్తున్నాను. ఈ బండికి నేను "ఇంజను పోయింది" అని ఒక్క ముక్కలో రాసుకున్నాను, నిజానికి పోయింది ఒక సిలిండరు, ఒక క్రాంకు, ఒక హెడ్డు. దాత ఇంజను కొనే ముందు ఆ బండి ఆర్సీ రద్దయిందో లేదో అడుగుతున్నాను. వెల్డింగ్ చేసిన డ్రైవ్ షాఫ్టు ఎవరు అడిగినా బిగించడం లేదు.

వెయ్యి కిలోమీటర్ల తర్వాత

కార్తీక వనభోజనాలకు తాటిపూడి దాకా వెళ్లొచ్చి, వెయ్యి కిలోమీటర్లు నిండాక బండి షెడ్డుకు తెచ్చారు. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలో 172, 170, 174, 171 పీఎస్ఐ. 174 వచ్చింది స్లీవ్ వేసిన మూడోదే. పాత నూనె వడకట్టి చూస్తే మొదటి అరుగుదల పొడి తప్ప లోహపు ముక్కలేమీ లేవు. కూలెంట్ తగ్గలేదు. డిక్కీలో ఐదు లీటర్ల కూలెంట్ డబ్బా పెట్టి, దాని మీద "బోరు నీళ్లు వద్దు" అని మా కుర్రాడు మార్కర్‌తో రాశాడు.

దాత బ్లాకు నా దగ్గరే ఉంది. సంక్రాంతి దాటాక దాని ఆర్సీ రద్దు కాగితం కూడా వచ్చింది. బోర్లకు గ్రీజు పట్టించి, ఆ కాగితం, కొన్న బిల్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బ్లాకుకే కట్టి, ఓనరు గారి పేరు రాసి షెల్ఫు కింద పెట్టాను.